మూలగది అయిపోయింది

మంచి చోట ఉన్న హోటల్ అంత సోమరి హోటల్ ఇంకోటి ఉండదు. పనిలో ఉన్నన్నాళ్లూ ఈ మాట పైకి అనలేదు. ఇప్పుడు నన్నెవరూ పనిలోంచి తీసెయ్యలేరు కాబట్టి అంటున్నాను. హోటల్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు వింటే వినండి, లేకపోతే లేదు.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర ఒక లాడ్జిలో బాత్రూములు కడగడంతో నా పని మొదలైంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. గదుల నంబర్లు కూడా బొమ్మల్లాగా గుర్తుపెట్టుకునేదాన్ని. మనవరాలు అఆలు దిద్దే వయసుకు వచ్చాక, పక్కన కూర్చుని నేనూ దిద్దాను. "నాయనమ్మా, నీకు బుర్ర లేదు" అని అది నా చేతి మీద బలపంతో కొట్టేది. అలా కొట్టించుకుని నేర్చుకున్న చదువు ఇది. తప్పులుంటే సర్దుకోండి.

చదవడం రావడంతో సూర్యాపేటలో ఒక హోటల్లో పై అంతస్తుకు సూపర్‌వైజర్ని చేశారు. పేరు పెద్దదే కానీ పని అదే. చేతిలో చీపురు ఒక్కటి తగ్గింది. ఆ హోటల్ సరిగ్గా బస్టాండుకు ఎదురుగా ఉండేది. హైదరాబాద్ బస్సు దిగి రోడ్డు దాటితే మా మెట్లే. కోర్టు పని మీద వచ్చినవాళ్లు, దవాఖానలో మనిషిని పెట్టుకున్నవాళ్లు, పెళ్లికి వచ్చినవాళ్లు, అందరూ "దగ్గర గదా" అంటూనే లోపలికి వచ్చేవారు. పోయేటప్పుడు "దగ్గరుంటే ఏం లాభం" అంటూ పోయేవారు.

వాళ్ల తప్పేం లేదు. గీజర్ మీద ఎర్ర లైటు వెలిగేది, నీళ్లు మాత్రం బోరులోంచి వచ్చినట్టే వచ్చేవి. ఏసీ రిమోట్లు కౌంటర్లో పెట్టుకునేవాళ్లు. చల్లదనం పెంచాలంటే కౌంటర్‌కు ఫోన్ చెయ్యాలి. గదిలో ఫోన్ పలకదు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక పంతులుగారు కిటికీ పరదా తీసి చూస్తే అవతల పక్కింటి గోడ. ఆయన నన్ను పిలిచి, "ఏందమ్మా, గోడకు సిగ్గా? పరదా కట్టిన్రు" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మా మేనేజరు యజమానికి బామ్మర్ది. ఫిర్యాదు ఏది చెప్పినా ఆయన దగ్గర ఒకటే జవాబు.

"బస్టాండ్ ఎదురుంగ ఉన్నం. తిట్టుకుంట తిట్టుకుంట మన తానికే వస్తరు. ఏడికి పోతరు?"

ఆ మాట నిజమే. తిట్టిపోయినవాళ్లే మళ్లీ వచ్చేవాళ్లు. అందుకే ఏదీ బాగుపడేది కాదు.

అన్నిటికన్నా దరిద్రం గదుల తాళాలు. కట్టిన కొత్తలో కార్డు పెడితే తెరుచుకునే తాళాలు బిగించారట. అవి ఒక్కొక్కటే చచ్చిపోయాయి. బాగుచేయించే బదులు మేనేజరు ప్రతి తలుపుకూ లోపల ఒక గడియ, బయట ఒక గడియ కొట్టించాడు. బయట గడియ ఎందుకంటే, కింద ఫంక్షన్ హాల్లో పెళ్లి ఉన్న రోజు చుట్టాలు పై అంతస్తుల్లో తిరిగి, ఖాళీ గది కనిపిస్తే దూరి బాత్రూం వాడుకునేవాళ్లు. కడిగిన గది మళ్లీ కడగాల్సి వచ్చేది. అందుకని అతిథి ఖాళీ చేసి పోగానే ముందు బయట గడియ పెట్టడం, తర్వాత తీరుబాటుగా కడుక్కోవడం మా పద్ధతి అయింది. ఈ బయట గడియలు మంచివి కావని నేను చెప్పాను. "ఏ లోకంల ఉన్నవమ్మా, ఇండ్లకు లేవా?" అన్నాడు మేనేజరు.

నా కింద గరిడేపల్లి నుంచి ఒకామె పనిచేసేది. నాట్లకు వంగి వంగి నడుము పోయాక ఇటు వచ్చింది. పనిలో చురుకు, నోరు అంతకన్నా చురుకు. కౌంటర్లో కూర్చునే అతను కోదాడ మనిషి. "అండీ" లేకుండా మాట పూర్తిచేసేవాడు కాదు. వాళ్లిద్దరికీ రోజూ ఏదో ఒక మాట దగ్గర పడేది.

"నల్లా నల్లా అంటావేంటండీ? కొళాయి అనొచ్చుగా" అనేవాడు ఆయన.

"కొళాయి అంటె మా నీళ్లకు అర్థం కాదు సారూ. ఆగిపోతయి" అనేది ఈమె.

మేం టీ తాగుతూ నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు మీద ఇప్పుడు నాకు అసహ్యం ఉంది.

ఆ సాయంత్రం తుంగతుర్తి వైపు ఊరి నుంచి ఒకామె బస్సు దిగి వచ్చింది. ప్రైవేటు బళ్లో చదువు చెప్పే మనిషి. భుజానికి సంచి, చేతిలో పుస్తకాలు. మర్నాడు సర్కారు టీచరు కొలువుకు పరీక్ష. సెంటర్ మా హోటల్ వెనక స్కూలే. మా ప్రహరీ, స్కూలు ప్రహరీ ఒకటే గోడ. "చప్పుడు లేని గది ఇయ్యున్రి" అని అడిగితే కోదాడ అతను మూలగది ఇచ్చాడు. నిజానికి చప్పుడు లేని గదులు మాకు లేవు. మూలగదిలో ఫోనుకు సిగ్నల్ కూడా ఉండేది కాదు కాబట్టి ఆ ఒక్క చప్పుడు తక్కువ.

నేను నీళ్ల సీసా ఇవ్వడానికి పోయాను. ఆమె బాత్రూం వెంటిలేటర్ వైపు చెవి పెట్టి నిలబడి ఉంది.

"అమ్మా, గీ గంట సెంటర్దేనా?"

"అదే బిడ్డా. గోడ దూకితే సెంటర్ల పడ్తవు."

ఆమె నవ్వింది. గొంతు బొంగురుగా ఉంది, మాట సగం గాలిలాగా వస్తోంది. "గొంతుకు ఏమైంది" అంటే, "పిల్లలకు చెప్పి చెప్పి గిట్లయింది. డాక్టరు మాట్లాడొద్దన్నడు. మాట్లాడకుంటె జీతమెవలిస్తరు?" అంది.

తర్వాత తనే చెప్పింది. "మా ఆయన పొద్దుగాల బండి మీద దించుతనన్నడు. టైరు పంచరైతే? బస్సంటే, వస్తదో రాదో. నిమిషం లేటైనా గేటు బంద్ జేస్తరు. అందుకే ఒక్కదాన్నే ముందుగాల వచ్చి ఈడ దిగిన. నడిసి పోవచ్చు గదా."

"మంచిపని జేసినవు."

"ఇదే ఆఖరు అమ్మా. వచ్చేసారి కొలువులు వేసేనాటికి నా వయసు దాటిపోతది. ఇది పోతే ఇగ ఖతం."

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. పెన్నులు మూడో నాలుగో బల్ల మీద వరసగా పేర్చుకుంటూ అంది. తలుపు వెనక మేనేజరు అంటించిన నోటీసు ఉండేది: చెప్పులు బయట విడవరాదు, పోయినచో యాజమాన్యం బాధ్యత వహించదు. మా అతిథులందరూ చెప్పులు బయటే విడిచేవాళ్లు, ఇంట్లో అలవాటు. ఆమె నోటీసు చదివింది. చెప్పులు లోపలికి తెచ్చి మంచం పక్కన పెట్టుకుంది. ఆ నోటీసును పట్టించుకున్న అతిథిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. టీచరు కదా, రాసిందాన్ని నమ్మింది.

మర్నాడు పొద్దున కింద పెళ్లి. బ్యాండు వాళ్లు మెట్ల దగ్గరే నిలబడి వాయిస్తున్నారు. వరండాల నిండా చుట్టాలు. పట్టుచీరలు సర్దుకునేవాళ్లు, బాత్రూం కోసం తలుపులు తోసి చూసేవాళ్లు, కనిపించిన తలుపునల్లా బాదుకుంటూ పరిగెత్తే పిల్లలు. నేను కింద పెళ్లివాళ్లకు తువ్వాళ్లు సర్దుతున్నాను. గరిడేపల్లి ఆమె పై అంతస్తులో ఉంది. చుట్టాల్లో ఎవరో ముసలామెకు గది కావాలని ఆమె ప్రాణం తీస్తున్నారు. ఆమె మెట్ల మీది నుంచి కిందికి వంగి కౌంటర్ వైపు కేక వేసింది.

"సారూ! మూలగది సంగతేంది?"

కోదాడ అతని చుట్టూ జనం. అతను తల ఎత్తకుండానే కేక వేశాడు.

"మూలగది అయిపోయింది! అయిపోయిందండీ!"

టికెట్లు అయిపోయాయి అంటాం చూడండి, అతను అన్నది ఆ అయిపోవడం. మూలగది ఇచ్చేశాం, అక్కడ మనిషి ఉంది, దాని జోలికి పోవద్దని అతని అర్థం. మా శుభ్రం చేసేవాళ్ల భాషలో గది అయిపోయిందంటే అతిథి ఖాళీ చేసి పోయారని. ఈ మాట రెండు వైపులా తిరుగుతుందని అంతకుముందు మాలో ఎవరికీ తట్టలేదు. అన్ని మాటల మీదా కొట్లాడుకున్నారు కానీ, ఈ ఒక్క మాట ఇద్దరిదీ కదా, కొట్లాట రాలేదు.

గరిడేపల్లి ఆమె మూలగది దగ్గరికి పోయింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. బయట చెప్పులు లేవు. చెప్పులు లేవంటే మనిషి లేనట్టే మా లెక్క. చుట్టాలు దూరకముందే బయట గడియ పెట్టి, తర్వాత కడిగి ఇద్దామని ఇంకో గదికి పోయింది. ఆ సమయానికి ఆమె, అంటే టీచరమ్మ, లోపల స్నానం చేస్తోంది.

మిగిలింది నేను తర్వాత ఆమె నోట విన్నదే. తయారై తలుపు లాగితే రాలేదు. బిగుసుకుందేమో అనుకుంది. కౌంటర్‌కు ఫోన్ ఎత్తితే పలకలేదు. తన ఫోన్ పట్టుకుని గదంతా తిరిగింది, బాత్రూంలో బకెట్ బోర్లించి ఎక్కింది, సిగ్నల్ లేదు. తలుపు కొట్టింది. బయట పిల్లలు అన్ని తలుపులూ కొడుతున్నారు, అందులో ఇది ఎవరికి వినపడుతుంది? అరుద్దామంటే గొంతు లేదు. వెంటిలేటర్లోంచి స్కూలు మైకులో "అభ్యర్థులు త్వరగా లోనికి రావలెను" అని చెప్పడం మాత్రం శుభ్రంగా వినపడిందట.

బ్యాండు వాళ్లు టిఫిన్‌కు ఆగారు. నేను దుప్పట్లు పట్టుకుని పైకి పోతున్నాను. మూల నుంచి దబ్ దబ్ మని చిన్నగా చప్పుడు. ఎవరో చేత్తో కాకుండా దేనితోనో కొడుతున్నట్టుంది. గడియ బయట పెట్టి ఉంది.

"లోపట ఎవలు?"

"నేనే అమ్మా."

గడియ తీశాను. ఆమె చేతిలో చెప్పు ఉంది, దానితోనే కొట్టింది. ఇంకో చేతిలో హాల్ టికెట్. చేతిలో చెప్పు అక్కడే పడేసింది. చెప్పులు తొడుక్కోకుండానే పరిగెత్తింది. ఆమె వెనక నేను. లిఫ్టు నిండా పెళ్లివాళ్లు, మెట్ల నిండా బ్యాండువాళ్లు ఇడ్లీ ప్లేట్లతో. "జరగున్రి, జరగున్రి" అని నేను నోరు చించుకుంటుంటే ఒకడు "పెండ్లికూతురు పారిపోయిందా ఏంది" అన్నాడు. అందరూ నవ్వారు.

గోడ ఒకటే అయినా స్కూలు గేటు అవతలి వీధిలో. సందు చుట్టి పోవాలి. మేం సందు మలుపులో ఉండగా గంట కొట్టారు. ఆ గంట ఎంత దగ్గరగా వినపడిందో చెప్పలేను.

గేటుకు తాళం పడింది. కడ్డీల అవతల ఒక లేడీ కానిస్టేబుల్, చిన్న వయసు పిల్ల.

"మేడం, జర తియ్యున్రి. ఇప్పుడే గంట కొట్టిన్రు గదా" అంది టీచరమ్మ. ఆ గొంతు గేటు దాటిందో లేదో.

"నా చేతుల లేదక్కా. తాళం చెవి సార్లు తీస్కపోయిన్రు."

నేను ముందుకు పోయి, "బిడ్డా, ఈమె తప్పు గాదు. మా హోటలోళ్లు బయట గడియ పెట్టిన్రు. నేనే తీసిన. నన్ను పిలువుమను, సార్ల దగ్గర చెప్త" అన్నాను.

"ఎవల తప్పైనా గేటుకు తెల్వదు పెద్దమ్మా." ఆ పిల్ల కూడా నలిగిపోతోంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది. "ఏడికెళ్లి వచ్చిన్రక్కా?"

టీచరమ్మ చెయ్యి ఎత్తి, స్కూలు గోడ వెనక కనిపిస్తున్న మా హోటల్ చూపించింది.

"గాడికెళ్లా? గంత దగ్గరుండి..." అని ఆ పిల్ల ఆగిపోయింది.

అప్పుడు ఏడ్చింది ఆమె. అప్పటిదాకా ఏడవలేదు.

నేను ఆమెను పట్టుకుని వెనక్కి తీసుకొచ్చేసరికి విషయం కౌంటర్‌కు చేరింది. కోదాడ అతను, గరిడేపల్లి ఆమె ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

"అయిపోయిందన్నానండీ, ఖాళీ అయిందన్నానా?"

"అయిపోయిందంటె ఇగ ఏముంటది సారూ? ఖతమనే గదా!"

"ఇచ్చేశామని చెప్పాను తల్లీ!"

"ఇచ్చేసినమని ఎందుకనవు? నోట్ల ఏమున్నది?"

"ఒక్కసారి తలుపు కొట్టి చూడకూడదా నువ్వు?"

గరిడేపల్లి ఆమె అతన్ని వదిలేసింది. పోయి టీచరమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. "బిడ్డా, నా చేతులు ఇరగ. చెప్పులు లేకపాయె, నువ్వు పోయినవనుకున్న" అంది. టీచరమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. అప్పటికీ చెప్పుల్లేవు. పైన గదిలోనే ఉన్నాయి.

మేనేజరు వచ్చాడు. విన్నాడు. గరిడేపల్లి ఆమెను చూసి, "రేపటి సంది రాకు" అన్నాడు. కోదాడ అతన్ని ఏమీ అనలేదు, అతనికి కంప్యూటర్ వచ్చు. నన్నూ అనలేదు. తాళాలు బాగుచేయించని మనిషి, ఫోన్లు బాగుచేయించని మనిషి, ఆ నోటీసు అంటించిన మనిషి కౌంటర్ వెనక అద్దంలో ఉన్నాడు, ఆయన ఆ అద్దం ముందు దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. తర్వాత టీచరమ్మ వైపు తిరిగి "మేడం, టిఫిన్ తెప్పిస్త, తినున్రి" అన్నాడు.

"ఆమెను తీసేస్తే నా పరీక్ష వస్తదా?" అంది ఆమె.

"అది కాదు మేడం..."

"అయితే తియ్యకున్రి."

తీసేశాడు. ఆ రోజు కాదు, ఆ వారం గడిచాక.

ఆమె ఇంటికి పోలేదు. పరీక్ష అయ్యే వేళకు భర్త వస్తానన్నాడట, అందాకా రిసెప్షన్ సోఫాలోనే కూర్చుంది. పొద్దున అతను ఫోన్ చేస్తే కలవలేదు. సెంటర్ లోపలికి పోయి ఆపేసుకుందని సంతోషపడ్డాడు. మధ్యాహ్నం వచ్చాడు. గేటు దగ్గర వెతికి, కనిపించక, హోటల్‌కు వచ్చాడు. చేతిలో అరటిపండ్లు, మొహం నిండా చెమట. భార్యను చూడగానే నవ్వుతూ అడిగాడు.

"ఎట్ల రాసినవ్? అల్కగ వచ్చిందా?"

నేను లోపలికి పోయాను. ఆ జవాబు వినడానికి నాకు ధైర్యం లేకపోయింది.

వాళ్లు పోతుంటే మేనేజరు మెట్ల దాకా సాగనంపాడు. ఆయనకు ఒక అలవాటుంది, పోయే ప్రతి అతిథినీ అడుగుతాడు. ఆ రోజు కూడా నోరు ఆగలేదు.

"మేడం, ఏమనుకోకున్రి. ఫోన్ల మన హోటల్ గురించి జర రెండు మంచి ముక్కలు రాయున్రి."

భర్త మీదికి పోబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఫోన్ తీసింది. మా మెట్ల మీద సిగ్నల్ బాగా వస్తుంది. నిలబడే రాసింది, రాసి బండి ఎక్కింది.

మేనేజరు చూసుకుని మురిసిపోయి నాకు ఫోన్ చూపించాడు. తెలుగులోనే రాసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

"పరీక్ష సెంటర్‌కు చాలా దగ్గర. గదిలోకి గంట వినబడుతుంది."

"సూసినవా, ఎంత మంచి మనిషో. ఒక్క చెడ్డ ముక్క రాయలే" అన్నాడు మేనేజరు.

నేను ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు, నిజంగానే మంచి మాట అనుకున్నాడు. చదువుకున్న మనిషే.

తర్వాత నేను అక్కడ ఎక్కువ రోజులు లేను. మళ్లీ మిర్యాలగూడ పోయి, స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో మోకాళ్లు పనిచేసినన్నాళ్లు చేశాను. అక్కడ నా కింది పిల్లలకు ఒకటే చెప్పాను: గది గురించి అయిపోయింది అనే మాట వాడితే చెంప పగులుతుంది. ఖాళీ అను, లేకుంటే మనిషి ఉంది అను. వాళ్లకు కథ చెప్పలేదు, కోపం మాత్రం చూపించాను. దాంతో నవ్వులాట అయింది. "పెద్దమ్మా, కూర మనిషి ఉందా, ఖాళీనా?" అని అన్నం దగ్గర అడిగేవాళ్లు. అడగనీ. గడియ పెట్టేముందు తలుపు కొట్టేవాళ్లు, నాకు అది చాలు. గరిడేపల్లి ఆమె మళ్లీ నాట్లకు పోతోందని విన్నాను, ఆ నడుముతోనే. టీచరమ్మ సంగతి తెలియదు. తెలుసుకోవడానికి నాకు మొహం లేదు.

మొన్న కోదాడలో చుట్టాలింటికి పోతూ సూర్యాపేటలో బస్సు మారాను. ఎదురుగా మా హోటల్. రంగు కొత్తది, బోర్డు కొత్తది. చదవడం వచ్చినవాళ్లకు ఇదొక శిక్ష, కళ్లు ఊరుకోవు. హోటల్ పేరు కింద పెద్ద అక్షరాలతో రాయించారు: బస్టాండ్ ఎదురుగా. పరీక్ష సెంటర్‌కు అతి దగ్గర. గదిలోకి గంట వినబడును.

నా పక్కన నిలబడ్డ ఒక పిల్ల ఆ బోర్డు చదువుతోంది. భుజాన సంచి, చేతిలో ప్లాస్టిక్ కవర్లో హాల్ టికెట్. చదివి రోడ్డు దాటబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"బిడ్డా, అండ్ల దిగకు."

"ఎందుకమ్మా?"

"గడియలు బయటికున్నయి."

ఆ పిల్ల నా మొహం చూసింది. ఏదో పిచ్చి ముసల్ది అనుకుని ఉంటుంది. మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"ఇంత దగ్గర్ల ఇంకేడుంటదమ్మా?" అని రోడ్డు దాటింది.